గట్టు మీది చెట్టు, కొండ మీది చెట్టు

బోన్సాయ్ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది కత్తెర. ఎక్కడో ఓ విత్తనం నాటడం, మొలిచినదాన్ని ఎదగనివ్వకుండా కత్తిరించడం, వేళ్ళు కోయడం, తీగ చుట్టడం, పాతికేళ్ళయ్యాక అరచేతిలో మర్రిచెట్టు చూడండి అని చుట్టాలకి చూపించడం... ఇదే కదా మన ఊహ! అబ్బూరి ఛాయాదేవి గారి "బోన్సాయ్ బ్రతుకు" కథతో తెలుగులో ఈ ఊహకి ఇంకాస్త బలం వచ్చింది. ఆడవాళ్ళ జీవితాన్ని ఆవిడ బోన్సాయ్‌తో పోల్చిన తీరు, స్కూల్లో ఆ పాఠం చదువుకున్నవాళ్ళు అంత తేలిగ్గా మర్చిపోరు. అప్పట్నుంచీ మనకి బోన్సాయ్ అంటే ఎదగనివ్వని చెట్టు అన్నమాట.

ఆ పోలికతో నాకే పేచీ లేదు. కాకపోతే బోన్సాయ్ చరిత్ర తిరగేస్తే వేరే సంగతి కనపడుతుంది. జపాన్‌లో పేరుమోసిన పాత బోన్సాయ్‌లలో చాలావాటిని ఏ తోటమాలీ విత్తనం నుంచి పొట్టిగా పెంచలేదు. కొండ అంచుల్లో, రాళ్ళ పగుళ్ళలో, గుప్పెడు మట్టిలో మొలిచి, గాలీ మంచూ కలిసి అప్పటికే పొట్టిగా చేసేసిన చెట్లవి. మనిషి వాటిని తవ్వి తెచ్చి, ముందు చావకుండా చూసుకుని, తర్వాతే కత్తెర పట్టుకున్నాడు. ఇలా తెచ్చిన చెట్టుని జపాన్ వాళ్ళు యమదోరి అంటారు. యమ అంటే కొండ, దోరి అంటే తీసుకోవడం. కొండ నుంచి తీసుకున్నది అని.

తీసుకున్నది అంటే, ఎవర్నడిగి?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. ప్రకాశం జిల్లా మెట్టలో మాకు రోడ్డు పక్కన రెండెకరాల చేను ఉంది. దాని గట్టు మీద తొమ్మిది చింత పొదలున్నాయి. చెట్లు అనడానికి లేదు, మేకలు వాటిని ఏనాడూ నడుం ఎత్తు దాటనివ్వలేదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే ఎత్తు. కింద మొదలు మాత్రం నా పిక్కంత లావు, బెరడంతా ముసలి చింతకి ఉన్నట్టే పగుళ్ళు. ఇప్పుడు ఆ చేను ప్లాట్ల కింద అమ్మేద్దామని ఇంట్లో అందరూ తేల్చారు. అడ్వాన్సు తీసుకున్నారు, రిజిస్ట్రేషన్‌కి వచ్చే ఏడాది జులై దాకా గడువు. జేసీబీ వస్తే ముందు పోయేది గట్టే. వాటిని తవ్వి తెచ్చి కుండీల్లో బతికిస్తే ఎలా ఉంటుంది బాబాయ్ అని ఫోన్లో అడిగితే మా బాబాయ్ ఒకటే నవ్వు.

"ఏరా, ఊళ్ళో అంత చింతతోపు ఉండగా ఆ మేకలు మేసిన కంపకా ఇంత ఆలోచన?"

బాబాయ్‌కి సమాధానం చెప్పాలనే చదవడం మొదలుపెట్టాను. చదువుతున్నకొద్దీ తేలిందేమిటంటే, ఈ చరిత్రంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతోంది. అడవిలో చెట్టుని తీసుకునే హక్కు ఎవరిది? తీసుకున్నాక దాని బాధ్యత ఎన్నాళ్ళు?

మొదట్నుంచీ వద్దాం. కుండీలో చెట్టు పెంచడం జపాన్ వాళ్ళు కనిపెట్టింది కాదు, చైనా నుంచి వచ్చింది. అక్కడ తాంగ్ వంశపు యువరాజు జాంగ్‌హువాయ్ సమాధి ఒకటుంది, 706 నాటిది. దాన్ని 1971-72లో తవ్వితే లోపలి గోడల మీద బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో ఒక సేవకుడు చేతుల్లో పళ్ళెం పట్టుకుని నడుస్తుంటాడు. ఆ పళ్ళెంలో చిన్న రాళ్ళూ, చిన్న మొక్కలూ. అంటే 1300 ఏళ్ళ కిందటే రాజుల ఇళ్ళలో ఈ సరదా ఉందన్నమాట. జపాన్‌లో 1309 నాటి కసుగా గొంగెన్ చిత్రపటంలో పళ్ళేల్లో పెట్టిన చెట్లు కనిపిస్తాయి.

జపాన్ వాళ్ళ నో నాటకాల్లో "హచి నో కి" అని ఒకటుంది. కుండీలో చెట్టు అని అర్థం. కథ చాలా చిన్నది. ఒక వీరుడు బంధువుల చేతిలో భూములన్నీ పోగొట్టుకుని గుడిసెలో బతుకుతుంటాడు. మంచు కురిసే రాత్రి ఒక సన్యాసి వచ్చి తలదాచుకుంటానంటాడు. చలి కాచుకోవడానికి ఇంట్లో పుల్ల కూడా లేదు. మంచి రోజుల నుంచి మిగిలినవి మూడే మూడు కుండీ చెట్లు: ప్లమ్, చెర్రీ, పైన్. మూడిటినీ నరికి మంట వేస్తాడు. ఆ సన్యాసి మారువేషంలో ఉన్న పెద్ద పాలకుడు హోజో తొకియొరి అని తర్వాత తెలుస్తుంది. ఆయన ఈ వీరుడి భూములు వీరుడికి ఇప్పించడమే కాక, ఆ మూడు చెట్ల పేర్లు కలిసొచ్చేలా మరో మూడు ఊళ్ళు బహుమానంగా ఇస్తాడు.

అతిథి మర్యాద కోసం ఈ కథ చెప్పుకుంటారు. నాకైతే ఇందులో ఇంకో లెక్క కనపడింది. భూమి పోయినవాడి దగ్గర చివరిదాకా మిగిలింది కుండీలోని చెట్టు. చేను మోసుకుపోలేం, కుండీ మోసుకుపోవచ్చు. చేను అమ్ముకుంటున్న ఇంట్లో పుట్టినవాడికి ఈ సంగతి కాస్త గట్టిగానే తగులుతుంది.

ఇక కొండల సంగతి. బోన్సాయ్‌లో చాలాకాలం పైన్‌దే రాజ్యం. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో షింపాకు అనే కొండ జునిపర్ మీద అందరి కన్నూ పడింది. ఈ చెట్టు మహా మొండిది. పిడుగు పడో, మంచు బరువుకి విరిగో సగం చచ్చిపోయినా, మిగిలిన సన్నటి బెరడు పట్టీతోనే వందల ఏళ్ళు బతుకుతుంది. చచ్చిన భాగం కుళ్ళిపోకుండా ఎండకి తెల్లగా ఎముకలా మారుతుంది. ఆ తెల్లటి చచ్చిన కట్టె, దాని చుట్టూ మెలితిరిగిన ఎర్రటి బతికున్న బెరడు, పైన పచ్చటి ఆకు. ఇది తోటలో తయారయ్యే అందం కాదు. అందుకే దానికంత గిరాకీ.

షికోకు ద్వీపంలో 1,982 మీటర్ల ఇషిజుచి కొండ ఈ చెట్లకి పేరు పడింది. తర్వాత నీగాత జిల్లాలో సముద్రం పక్కనున్న ఇతోయిగావా. అక్కడి సున్నపురాయి కొండచరియల మీది షింపాకు ఆకు మరీ ఒత్తుగా, మెత్తగా ఉంటుంది. ఇవి దొరికేది మామూలు మనిషి నడిచే చోట కాదు, నిట్టనిలువు కొండ మొహం మీద. ఏరేవాళ్ళు పై నుంచి నడుముకి తాడు కట్టుకుని వేలాడుతూ దిగేవారు. ఒక చేత్తో రాయి పట్టుకుని, ఇంకో చేత్తో ఉలి పట్టుకుని పగుల్లోంచి వేళ్ళు విడదీసేవారు. జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మన కొండల్లో తేనె తీసేవాళ్ళు తాళ్ళతో దిగుతారు చూడండి, అలాంటి పనే. కాకపోతే తేనె మళ్ళీ ఏడాది పడుతుంది. 300 ఏళ్ళ జునిపర్ మళ్ళీ పడాలంటే 300 ఏళ్ళు కావాలి.

జరగాల్సిందే జరిగింది. కొన్ని దశాబ్దాల్లోనే ఆ కొండలు దాదాపు ఖాళీ అయిపోయాయి. కొండ మీద కూర్చున్న చెట్టుకి ధర లేదు, టోక్యోకి చేరిన చెట్టుకి ధర ఉంది. నేను తీయకపోతే ఇంకోడు తీస్తాడు అని ప్రతివాడూ అనుకునే చోట ఏదీ మిగలదు. మన వాగుల్లో ఇసక సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఇవాళ ఇతోయిగావా పేరుతో అమ్మే చెట్లు మామూలుగా కొమ్మలు నాటి పెంచినవి. లేదంటే వేరే జునిపర్ మొదలు మీద ఇతోయిగావా ఆకుని అంటు కట్టినవి. అంటే ఆకు పేరు ఆ కొండది, ఒళ్ళు ఇంకోచోటిది.

రెండో కథ ఒక ద్వీపానిది. జపాన్‌కి ఉత్తరాన కునాషిరి అనే ద్వీపంలో చలికీ గాలికీ గిడసబారిన ఎజో స్ప్రూస్ చెట్లు ఉండేవి. ఒమియా అనే ఊళ్ళో బోన్సాయ్ తోట నడిపిన కాతో కుటుంబం అక్కడి చెట్లకి ఎంత పేరు తెచ్చిందంటే, ఒక పళ్ళెంలో పదీ పదిహేను చెట్లు పెట్టి చిన్న అడవిలా కూర్చడం ఆ కుటుంబంలోని సబురో కాతో (1915-2008) ప్రత్యేకత అయిపోయింది. 1945లో యుద్ధం ముగుస్తూనే కునాషిరి సోవియట్ సైన్యం చేతిలోకి వెళ్ళింది. ఆ చుట్టుపక్కల ద్వీపాల్లో ఉన్న సుమారు 17 వేల మంది జపాన్ వాళ్ళని తర్వాతి నాలుగేళ్ళలో పంపించేశారు. ఆ ద్వీపాలు ఎవరివనే తగువు ఇప్పటికీ తేలలేదు. చెట్లు అక్కడే ఉన్నాయి, తెచ్చుకునే దారే మూసుకుపోయింది. అంతకుముందు ఒమియాకి చేరిన చెట్లకి మాత్రం పుట్టిన నేల పరాయి దేశం అయిపోయింది. భూమి మనది అన్నది ఎంత తాత్కాలికమైన మాటో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఈ రెండు కథలూ చదివి ఊరుకుంటే యమదోరి అంటే దోపిడీ అనే అనుకోవాలి. కానీ మూడోది ఉంది. ఇది రైతుల కథ, అందుకే నాకు నచ్చింది.

షికోకులోనే తకమత్సు అనే ఊరి పక్కన కినాషి, కొకుబుంజి అని రెండు పల్లెలు ఉన్నాయి. సుమారు 200 ఏళ్ళ కిందట అక్కడివాళ్ళు కూడా మొదలుపెట్టింది ఏరి తెచ్చిన చెట్లతోనే. సముద్రం ఒడ్డున ఇసక నేలల్లో వాటంతటవే మొలిచిన పైన్ మొక్కల్ని తవ్వుకొచ్చి కుండీల్లో పెట్టి అమ్మేవారు. కాకపోతే అక్కడితో ఆగిపోలేదు. వాన తక్కువ ఊరు, నీళ్ళు నిలవని నేల. వరికి పెద్దగా పనికిరాదు గానీ పైన్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది. దాంతో చేలల్లోనే వరసగా పైన్ నాటడం మొదలుపెట్టారు. మనం మిరప నారు వేసినట్టు సాళ్ళలో పైన్ చెట్లు! ఒక్కో చెట్టు పదేళ్ళో, ఇరవై ఏళ్ళో నేలలోనే ఉంటుంది. వంచడం, కత్తిరించడం అన్నీ చేలోనే. తర్వాత తవ్వి కుండీలోకి. ఇప్పుడు జపాన్‌లో తయారయ్యే పైన్ బోన్సాయ్‌లలో 80 శాతం దాకా ఈ ఊరివే అంటారు.

తేడా ఎక్కడొచ్చిందో గమనించండి. ఇతోయిగావాలో కొండ ఎవరిదీ కాదు, లేదా అందరిదీ. తకమత్సులో చేను రైతుది. కొండ మీద ఏరేవాడికి రేపటి గురించి పట్టింపు ఉండక్కర్లేదు, ఎందుకంటే రేపు అక్కడికి ఇంకోడొస్తాడు. సొంత చేలో పెంచేవాడు ఇవాళ తీసిన చోట రేపు మళ్ళీ నాటకపోతే పదేళ్ళ తర్వాత వాడింట్లోనే పొయ్యి వెలగదు. సొంత నేల మనిషికి హక్కు ఒకటే ఇవ్వదు, లెక్క కూడా నేర్పుతుంది.

ఇక రెండో ప్రశ్న, బాధ్యత ఎన్నాళ్ళు? దీనికి ఒమియా చరిత్ర చూడాలి. 1923 సెప్టెంబర్ 1న కాంతో భూకంపం టోక్యోని నేలమట్టం చేసింది. నగరంలో బోన్సాయ్ తోటలు నడిపేవాళ్ళలో కొందరు ఇక అక్కడ ఉండలేమని, మంచి నీళ్ళూ మంచి గాలీ ఉన్న చోటు వెతుక్కుంటూ 1925లో ఉత్తరాన ఒమియా అడవుల పక్కకి వచ్చి ఊరు కట్టుకున్నారు. ఆ ఊరికి వాళ్ళు పెట్టుకున్న నియమాలు ముచ్చటగా ఉంటాయి. ప్రతి ఇంట్లో కనీసం పది బోన్సాయ్‌లు ఉండాలి. తోట తలుపు ఎవరొచ్చినా తెరిచే ఉంచాలి. ఇంటి చుట్టూ గోడ కాకుండా మొక్కల కంచె ఉండాలి. రెండో అంతస్తు కట్టకూడదు. చివరిది ఎందుకంటే, నీ మేడ నీడ పక్కింటి చెట్ల మీద పడకూడదు, పై నుంచి ఎవరూ ఇంకొకరి తోటలోకి తొంగి చూడకూడదు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళకి ఒకసారి చదివి వినిపించాలనుంది :)

1930ల మధ్యలో అక్కడ 30 దాకా తోటలు ఉండేవి. యుద్ధంలో కుండీ చెట్ల పని పనికిమాలిన విలాసం అయిపోయింది. మనుషులు లేరు, నీళ్ళు పోసే చేతులు లేవు, తోటలు మూతపడ్డాయి. ఇప్పుడు పది లోపే ఉన్నాయి. నేలలో ఉన్న చెట్టుకి వాన ఆధారం. కుండీలోకి వచ్చిన చెట్టుకి మనిషే ఆధారం. మండు వేసవిలో రెండు రోజులు నీళ్ళు మానేస్తే 200 ఏళ్ళ చెట్టు చచ్చిపోతుంది. అది యమదోరి ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రాసిన షరతు.

ఆ షరతు నిలబెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 1976లో అమెరికా 200 ఏళ్ళ పండక్కి జపాన్ 53 బోన్సాయ్‌లు బహుమతిగా ఇచ్చింది. అవి వాషింగ్టన్‌లోని నేషనల్ అర్బొరేటమ్‌లో ఉన్నాయి. వాటిలో ఒక తెల్ల పైన్‌ని ఇచ్చింది మసారు యమాకి అనే హిరోషిమా తోటమాలి. 2001లో ఆయన మనవళ్ళు ఇద్దరు తాతగారి చెట్టుని చూడ్డానికి వచ్చినప్పుడే అసలు సంగతి మ్యూజియం వాళ్ళకి తెలిసింది. 1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఆ చెట్టు బాంబు పడిన చోటికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. తోట గోడ అడ్డం పడి చెట్టు బతికింది. ఇంట్లోవాళ్ళూ బతికారు. ఆ చెట్టు 1625 నుంచీ బోన్సాయ్‌గా పెరుగుతున్నదట. బాంబు వేసిన దేశానికే దాన్ని బహుమతిగా పంపి, ఆ విషయం పెద్దాయన పైకి చెప్పుకోలేదు. 400 ఏళ్ళపాటు ఎవరో ఒకరు రోజూ నీళ్ళు పోస్తూ వచ్చారన్నది మాత్రం చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఇక చేతి పని గురించి. ఇక్కడ నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలిసిన మాట ఒకటి తగులుతుంది. జపాన్ క్లయింట్‌తో పని చేసినవాళ్ళు, టొయోటా పద్ధతుల మీద ట్రైనింగులకి వెళ్ళినవాళ్ళు "నెమవాషి" అనే మాట వినే ఉంటారు. మీటింగ్‌లో ప్రతిపాదన పెట్టేముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి అందర్నీ ఒప్పించి ఉంచుకోవడం. ఆ మాటకి అసలు అర్థం మేనేజ్‌మెంట్‌ది కాదు, తోటపనిది. వేళ్ళ చుట్టూ తిరగడం అని. పెద్ద చెట్టుని ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చాలంటే, అంతకు ఏడాది ముందే దాని చుట్టూ గుండ్రంగా కందకం తవ్వి, లావు వేళ్ళని కొన్నిటిని కోసి మళ్ళీ మట్టి కప్పేస్తారు.

ఎందుకంటే లావు వేరు నీళ్ళు తాగదు. అది చెట్టుని నిలబెడుతుంది, నీళ్ళని మోస్తుంది, అంతే. నీళ్ళు పీల్చేది చివరన ఉండే వెంట్రుకల్లాంటి సన్న వేళ్ళు. అడవి చెట్టుకి అవి మొదలుకి చాలా దూరంలో ఉంటాయి. ఒక్కసారే గడ్డపారతో పెకిలిస్తే తాగే నోళ్ళన్నీ నేలలోనే ఉండిపోతాయి, మన చేతికొచ్చేది గొట్టాలే. ముందే కోసి వదిలేస్తే ఏడాదిలో మొదలు దగ్గరే కొత్త సన్న వేళ్ళ గుత్తి వస్తుంది. అప్పుడు ఎత్తితే చెట్టు తనతోపాటు తన నోరు తెచ్చుకుంటుంది.

ఎత్తాక కూడా తొందర పనికిరాదు. వెడల్పాటి చెక్క పెట్టెలోనో తొట్టెలోనో, నీళ్ళు నిలవని ముతక ఇసకా ఇటుక ముక్కలూ కలిపిన మట్టిలో పెట్టాలి. కదలకుండా తాడుతో కట్టేయాలి, ఎందుకంటే మొదలు ఊగితే కొత్త వేళ్ళు తెగిపోతాయి. కొన్నాళ్ళు నీడలో ఉంచాలి. కొత్త చిగుళ్ళు బాగా వచ్చేదాకా ఎరువు వద్దు. ఒకటి రెండేళ్ళు తీగ చుట్టడం, కొమ్మలు వంచడం అన్న మాటే ఎత్తకూడదు. పాత కోడ్ చేతికొచ్చిన మొదటి వారంలోనే అంతా తిరగరాసేద్దామనే కుర్రాళ్ళని మనం చూస్తుంటాం కదా. ముందు అది నడుస్తోందో లేదో చూడాలి, ఎందుకు అలా రాశారో అర్థం చేసుకోవాలి. ఇక్కడైతే పొరపాటు చేస్తే వెనక్కి తిప్పే వెసులుబాటు కూడా లేదు.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. మంచు కొండలు మనకి లేవు. గాలి, మంచు చేసే పని మన మెట్టల్లో మేకలూ, రాతి నేలా, నీటి కరువూ చేస్తాయి. గట్ల మీది చింత, రేగు, వేప పొదలు చూడండి, పైకి కుర్రవి, మొదలు దగ్గర ముసలివి. అంతకన్నా మంచివి పాడుబడిన బావుల్లో ఉంటాయి. రాళ్ళ సందుల్లో పక్షులు రెట్ట వేస్తే మొలిచిన రావి, జువ్వి, మర్రి. వాటికి దొరికింది గుప్పెడు మట్టే కాబట్టి పుట్టుకతోనే పొట్టివి, వేళ్ళు రాళ్ళని కావలించుకుని ఉంటాయి. పైగా ఈ జాతి వేళ్ళు కోసినా ఓర్చుకుంటుంది. రావి మొక్క పీకకూడదు అనే పట్టింపు ఉన్నవాళ్ళు కూడా, గోడ పగిలిపోతుందని ఏదో ఒకనాడు దాన్ని కొట్టించేస్తారు. కొట్టించేదానికన్నా కుండీలో పెట్టుకోవడం పాపం ఎలా అవుతుంది?

అయితే హద్దులు తెలుసుకోవాలి. రిజర్వ్ ఫారెస్ట్‌లో మొక్క ముట్టుకుంటే నేరం, అందులో వాదన లేదు. ఎర్రచందనం అయితే సొంత నేలలో ఉన్నా ఆ జోలికి పోవద్దు. సొంత పొలమైనా చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అందుకని లావు మొదలు మీద చెయ్యి వేసేముందు సంబంధిత ఆఫీసులో అడగడం మంచిది. అమెరికాలో కూడా నేషనల్ పార్కుల్లో మొక్క తవ్వడం నిషేధం, చాలా నేషనల్ ఫారెస్టుల్లో మాత్రం పర్మిట్ తీసుకుని తవ్వుకోవచ్చు. అక్కడి మనవాళ్ళు ఎవరైనా సరదా పడితే ఇది గుర్తుంచుకోండి. ఇక మన గట్టు అంటే మనకొక్కరిదే అనుకోకూడదు. గట్టు తగాదాలు చూడని ఊరు ఉందా? మా తొమ్మిది చింతల్లో రెండు అవతలి చేను వైపు ఒరిగి ఉన్నాయి. వాటి జోలికి వెళ్ళేముందు ఆ ఇంటి పెద్దాయన్ని అడగాలి.

ఇదంతా లెక్క వేసుకుంటే నా నిర్ణయం దానంతటదే చిన్నదైపోయింది. తొమ్మిదీ తెచ్చేద్దాం అనిపించింది మొదట్లో. తొమ్మిదిటికి నీళ్ళు పోసేదెవరు? నేనుండేది హైదరాబాద్ ఫ్లాట్‌లో, బాల్కనీలో మధ్యాహ్నం నిప్పులు చెరుగుతుంది. పైగా నెలకో రెండు నెలలకో ఆన్‌సైట్ అంటూ పెట్టె సర్దుకునే ఉద్యోగం. అందుకని రెండే. ఈ తొలకరికి చుట్టూ కందకం తవ్వి వేళ్ళు కోసి వదిలేస్తాను. వచ్చే తొలకరికి, రిజిస్ట్రేషన్ లోపే, ఇంకా అది మా నేల అనిపించుకుంటుండగానే ఎత్తుతాను. ఉండేది నా బాల్కనీలో కాదు, ఊళ్ళో బాబాయ్ ఇంటి వెనక, బోరు పక్కన. చెట్టు రోజూ మనిషి కనపడే చోట ఉండాలి.

ఈ మాట బాబాయ్‌తో చెప్పి ఒప్పించడానికి మూడు ఫోన్లు పట్టింది. అదీ ఒక నెమవాషే!

"నీళ్ళు నేను పోస్తాలే గానీ, మేకలకి తెలిస్తే మాత్రం నాకు సంబంధం లేదు" అన్నాడు చివరికి.

"దానికి తడిక కట్టిద్దాం బాబాయ్."

"మరి మిగతా ఏడూ?"

ఆయన ఆ ఏడిటి గురించి అడుగుతాడని నేననుకోలేదు. మేకలు మేసిన కంప అన్న మనిషేగా! ఏడిటిని కాపాడే ఉపాయం నా దగ్గర లేదు. జేసీబీ వచ్చేదాకా అవి అక్కడే ఉంటాయి. తకమత్సు రైతుల దగ్గర నేర్చుకున్నది ఒకటి మాత్రం చేయగలం. చింతతోపులో కాయలకేం కొదవ లేదు, పెరట్లో ఓ సాలు గింజలు వేయమన్నాను. తీసుకున్నది రెండు, నాటేది ఇరవై. వాటిలో ఏది ఎలా పెరుగుతుందో మా పిల్లల కాలానికి తెలుస్తుంది. కొండ ఖాళీ చేసినవాళ్ళకీ చేలో పెంచినవాళ్ళకీ మధ్య తేడా ఈ ఒక్క సాలే అని నాకనిపిస్తోంది.

బోన్సాయ్ హింస కాదా అని అడిగేవాళ్ళకి నా దగ్గరున్న జవాబు ఇంతే. చెట్టుని పొట్టిగా చేయడం కన్నా, తెచ్చి పట్టించుకోకపోవడం పెద్ద హింస. పొట్టిగా చేసింది ముందు కొండ, మన దగ్గర మేక. మనం చేర్చేది నీళ్ళు, కాలం. ఆ రెండూ ఇవ్వలేనివాడు యమదోరి జోలికి పోకుండా ఉండటమే మేలు. నర్సరీలో మొక్క కొనుక్కుంటే పోయినా ఇంకోటి వస్తుంది.

ఈసారి మీ ఊరెళ్ళినప్పుడు పాత బావి గోడలోకీ, చేను గట్టు మీదకీ ఒకసారి చూడండి. నచ్చిన చెట్టు కనపడితే వెంటనే గునపం తీయకండి. నేల ఎవరిదో కనుక్కోండి, ఏడాది వ్యవధి ఉందా అని చూసుకోండి, మీరు ఊళ్ళో లేనప్పుడు నీళ్ళు పోసేది ఎవరో ఆ మనిషితో ముందే మాట్లాడండి. మూడిటికీ జవాబు దొరికితే తొలకరి దాకా ఆగండి. మొదటి వాన పడ్డాక, మబ్బు పట్టిన రోజు చూసుకుని, చుట్టూ కందకంతో మొదలుపెట్టండి.